పిల్లలు, పెద్దవాళ్ళ బాధ్యత ఉన్న ఉద్యోగులకి వీలుగా ఆఫీసును మార్చుకోవడం ఎలా?

"మా దగ్గర 40 మంది పనిచేస్తున్నారు. పిల్లలున్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళు బాగా నలిగిపోతున్నారు. ఏదో ఒకటి చేయాలని ఉంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" చిన్న కంపెనీల యజమానులూ, హెచ్ఆర్ పని అంతా ఒంటిచేత్తో లాగుతున్నవాళ్ళూ నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఫోన్లో పది నిమిషాల్లో తేలేది కాదు కాబట్టి వరసగా రాస్తున్నాను.

20 నుంచి 200 మంది దాకా ఉన్న ఆఫీసులని మనసులో పెట్టుకుని రాశాను. పెద్ద ఐటీ కంపెనీల్లో ఇవి చూడటానికి విభాగాలే ఉంటాయి. ఇక్కడ చెప్పే వాటిలో చాలా పనులకి పెద్దగా ఖర్చు లేదు గానీ, కుదురుకోవడానికి మూడు నెలలు పడుతుంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. బతిమాలి తెచ్చుకున్న సెలవు ఎన్ని రోజులైనా మనిషికి బరువుగానే ఉంటుంది. కింది పనులన్నీ ఆ బతిమాలడాన్ని తీసేయడానికే.

## 1. ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ గత ఏడాది హాజరు పట్టిక, నెలలవారీగా
☐ గత రెండేళ్ళలో ఉద్యోగం మానేసినవాళ్ళ జాబితా
☐ ఇప్పుడున్న సెలవుల నిబంధనలు (కాగితం మీద లేకపోతే, నోటిమాటగా నడుస్తున్నవి రాసుకోండి)
☐ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద ఎవరున్నారు, ఎవరు లేరు
☐ ఉద్యోగుల పిల్లలు ఎక్కువగా చదివే రెండు మూడు స్కూళ్ళ క్యాలెండర్లు
☐ యజమాని దగ్గర్నుంచి ఒక గంట

హాజరు పట్టికను తీరిగ్గా చూడండి. జూన్ రెండో వారంలో "జ్వరం" అని పెట్టిన సెలవుల్లో చాలావాటి వెనక ఉండేవి స్కూలు ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు. మార్చి రెండో సగంలో మధ్యాహ్నం పూట పర్మిషన్లు పెరుగుతాయి. కారణం కింద చెబుతాను.

యజమాని గంట ఎందుకంటే, ఈ మార్పుల గురించి మొదటిసారి అందరి ముందూ చెప్పాల్సింది ఆయనే, లేదా ఆవిడే. హెచ్ఆర్ మెయిల్‌గా వెళ్తే టీమ్ లీడర్లు దాన్ని పండగ శుభాకాంక్షల్లాగే చూస్తారు.

## 2. అడగండి, ఆడవాళ్ళని మాత్రమే కాదు

పేరు లేకుండా నాలుగే ప్రశ్నలు ఇవ్వండి. గూగుల్ ఫారం అయితే ఈమెయిల్ తీసుకునే సెట్టింగు ఆపేయండి. ముప్ఫై మంది ఉన్నచోట చీటీలు వద్దు, చేతిరాత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది.

☐ ఇంట్లో పన్నెండేళ్ళ లోపు పిల్లలున్నారా?
☐ మీ సాయం లేకపోతే గడవని పెద్దవాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు ఉన్నారా? ఈ ఊళ్ళోనా, వేరే ఊళ్ళోనా?
☐ రోజులో ఏ గంట మీకు అన్నిటికన్నా కష్టంగా గడుస్తుంది?
☐ గత ఆరు నెలల్లో ఇంటి పనికి సెలవు కావాల్సి వచ్చి, వేరే కారణం చెప్పారా?

నాలుగో ప్రశ్నే ప్రాణం. దానికి "అవును" అన్నవాళ్ళ సంఖ్య ఒక చోట రాసి పెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

మగవాళ్ళ జవాబులు చూసి మీరే ఆశ్చర్యపోవచ్చు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లి కోసం శుక్రవారం రాత్రి బస్సెక్కి, సోమవారం తెల్లవారుజామున దిగి నేరుగా ఆఫీసుకొచ్చేవాళ్ళు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. వాళ్ళు ఆ సంగతి ఎవరితోనూ అనరు.

## 3. చట్టం చెప్పిన కనీసం ఏమిటో తెలుసుకోండి

దీనికి దిగువన ఉండి "ఫ్యామిలీ ఫ్రెండ్లీ" అని గోడ మీద రాసుకోకండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించారు. ఆ నియమాలు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్, 2020లో ఉన్నాయి. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

☐ మొదటి రెండు కాన్పులకి జీతంతో 26 వారాలు. అందులో కాన్పుకి ముందు వాడుకోగలిగేది 8 వారాల దాకా. ఇద్దరు పిల్లలున్నాక మళ్ళీ కాన్పు అయితే 12 వారాలు.
☐ కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు.
☐ గర్భస్రావం అయితే 6 వారాలు.
☐ బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు, మామూలు విరామం కాకుండా.
☐ 50 మంది ఉద్యోగులుంటే శిశు సంరక్షణ కేంద్రం, అంటే క్రెష్. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు.
☐ ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసేయడం చట్టవిరుద్ధం.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎక్కువగా చూశాను. ఒకటి, 50 మంది అంటే 50 మంది ఆడవాళ్ళనుకోవడం. కాదు, మొత్తం ఉద్యోగులు. రెండు, ఈఎస్ఐ ఉన్న ఉద్యోగికి కూడా జీతం తామే కట్టాలని భయపడటం. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐలో ఉన్నవాళ్ళకి, చందా రోజుల లెక్క సరిపోతే ప్రసూతి సెలవు డబ్బు ఈఎస్ఐ సంస్థే ఇస్తుంది. ఆ అర్హత, కాగితాలు ఐదో నెలలోనే సరిచూసి పెట్టడం మీ పని.

కాంట్రాక్టు గడువు మధ్యలో ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు ఆగవని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. "కాంట్రాక్టు అయిపోతోంది కదా" అని లెక్కలు వేసే ముందు ఇది గుర్తు పెట్టుకోండి.

## 4. స్కూలు క్యాలెండర్ని ఆఫీసు క్యాలెండర్ మీద పరవండి

ఇంటి అవసరాలన్నీ అకస్మాత్తుగా ఊడిపడతాయని మేనేజర్లు అనుకుంటారు. నిజానికి వాటిలో చాలావరకు ఏడాది ముందే తెలిసినవి.

మార్చి 15 ప్రాంతంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నరకే ఇంటికొచ్చేస్తారు, తల్లిదండ్రులు సాయంత్రం ఆరు దాటితే గానీ రారు. ఆ ఐదారు గంటల కోసమే మార్చిలో అన్ని పర్మిషన్లు. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. పదో తరగతి, ఇంటర్ పరీక్షలూ మార్చి ప్రాంతంలోనే. దసరాకీ సంక్రాంతికీ బడికి వారమో పది రోజులో సెలవులు, ఆఫీసుకి రెండు రోజులు.

జనవరిలోనే కూర్చుని ఇలా చేయండి:

☐ మార్చి 15 నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఉదయం 7.30కి వచ్చి 3.30కి వెళ్ళే సమయాన్ని కోరుకున్నవాళ్ళకి ఇవ్వండి
☐ జూన్ రెండో వారంలో ట్రైనింగులు, ఆడిట్లు, క్లయింటు సమావేశాలు పెట్టకండి
☐ వేసవి సెలవుల అర్జీలు ఫిబ్రవరి ఆఖరుకే తీసుకోండి, మార్చి 10కల్లా జవాబు చెప్పండి
☐ పేరెంట్స్ మీటింగు కోసం ఏడాదికి నాలుగు సగం రోజులు పక్కన పెట్టండి, తల్లికైనా తండ్రికైనా

మార్చి అంటే అకౌంట్స్ వాళ్ళకి ఏడాది ముగింపు, ఊపిరాడని నెల. వాళ్ళకి ఇది కుదరదు. కుదరదని ముందే చెప్పి, బదులుగా మేలో వారం ఇవ్వండి. చెప్పకుండా దాటవేస్తేనే మనస్తాపం.

## 5. నిబంధన రాయండి, ఒక పేజీ దాటకుండా

"పరిస్థితిని బట్టి మేనేజర్ విచక్షణ మేరకు" అనే వాక్యం కనిపిస్తే కొట్టేయండి. ఆ వాక్యం ఉన్నంత కాలం మంచి మేనేజర్ దొరికినవాళ్ళకే సెలవు దొరుకుతుంది.

నేను వాడే నమూనా:

"నెలకి 6 గంటల దాకా ఇంటి అవసరాలకి పర్మిషన్ తీసుకోవచ్చు. టీమ్ గ్రూపులో మెసేజ్ పెడితే చాలు, కారణం రాయక్కర్లేదు. ఈ గంటలకి జీతం కోత లేదు. ఇది తల్లులకీ, తండ్రులకీ, పెళ్ళి కానివాళ్ళకీ అందరికీ ఒకటే."

ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. పిల్లలున్నవాళ్ళకే వెసులుబాటు ఇస్తే ఆరు నెలల్లో ఆఫీసు రెండు వర్గాలవుతుంది. పెళ్ళి కాని కుర్రాడికీ ఊళ్ళో అమ్మమ్మ ఉంటుంది.

"కుటుంబం" అంటే ఎవరో కూడా రాయండి. తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, పిల్లలు అని ఆపేస్తే, ఇంట్లో అత్తగారికి మందులు వేసి ఆస్పత్రికి తిప్పే కోడలికి దారి లేదు. అత్తమామలు, పెంచిన తాతా అమ్మమ్మలు, తోబుట్టువులు కూడా ఉండాలి.

## 6. టీమ్ లీడర్లకి మాటలు నేర్పండి

నిబంధన ఎంత బాగున్నా, సెలవు అడిగిన మొదటి నిమిషంలో ఎదుటి మనిషి ముఖం ఎలా మారిందన్నదే ఉద్యోగికి గుర్తుంటుంది. రెండోసారి అడగాలా, అబద్ధం చెప్పాలా అన్నది అప్పుడే తేల్చేసుకుంటారు.

"సార్, స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. పాపకి జ్వరమట, వెళ్ళాలి."

ఇక్కడ అనకూడనివి:

☐ "మళ్ళీనా?"
☐ "ఇంట్లో ఇంకెవరూ లేరా?"
☐ "మీ ఆవిడ వెళ్ళలేరా?"
☐ "సరే, ఏం చేస్తాం, వెళ్ళండి." (నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది ఇదే. సెలవు ఇస్తూనే అపరాధిని చేస్తుంది.)

అనాల్సింది: "వెళ్ళండి. ఇవాళే పంపాల్సినవి ఏమైనా ఉంటే రెండు లైన్లు మెసేజ్ పెట్టండి, మిగతాది చూసుకుంటాం."

టీమ్ లీడర్లని గంటసేపు కూర్చోబెట్టి, ఒకరు అడిగేవాళ్ళుగా, ఒకరు జవాబు చెప్పేవాళ్ళుగా ఇవి పలికించండి. మొదట నవ్వుతారు. పలికితే గానీ నోటికి రావు.

టీమ్ లీడర్లు కూడా చేసి చూపించాలి. పాప స్కూలు డ్యాన్సు చూడటానికి వెళ్తున్న మేనేజర్ "క్లయింటు పని" అని కాకుండా ఆ మాటే చెప్పి వెళ్తే, నిబంధనల పేజీ కంటే ఎక్కువ పని జరుగుతుంది.

## 7. "మరి ఆ పని ఎవరు చేస్తారు?"

చాలా ఆఫీసుల్లో ఈ ప్రయత్నం చతికిలబడేది ఇక్కడే. ఒకరికి సెలవు ఇచ్చి, ఆ పనిని పక్క సీటు మనిషి నెత్తిన పడేస్తే, మీరు చూపించిన దయకి ఖర్చు భరించింది ఆ పక్క సీటు మనిషి. రెండు నెలలకి గొణుగుడు మొదలవుతుంది. అది మీ చెవిన పడదు, సెలవు పెట్టిన మనిషి చెవిన పడుతుంది.

చేయాల్సినవి:

☐ ప్రతి పనికీ జంట: ఒకరు చేసేవాళ్ళు, ఒకరు తెలిసినవాళ్ళు. పేర్లు గోడ మీద ఉండాలి.
☐ పాస్‌వర్డులు, ఫైళ్ళు, క్లయింటు నంబర్లు ఒక్కరి ఫోన్లో ఉండకూడదు.
☐ జంటలో రెండో మనిషి వారానికి ఒక పూట ఆ పని నిజంగా చేయాలి. చూసినంత మాత్రాన రాదు.
☐ వారం దాటి ఒకరి పని మోసినవాళ్ళకి కాంప్ ఆఫ్ (అదనపు పనికి బదులు సెలవు) గానీ డబ్బు గానీ ఇవ్వండి. "థాంక్స్" మెయిల్ సరిపోదు.
☐ వారం దాటే సెలవు వస్తే, ఆ వారాల్లో ఏ పనులు ఆపేస్తున్నారో కూడా చెప్పండి. పది మంది పని తొమ్మిది మంది చేస్తున్నప్పుడు ఏదో ఒకటి ఆగాలి.

ఆరు నెలల ప్రసూతి సెలవుకి మాత్రం తాత్కాలికంగా మనిషిని పెట్టుకోండి. చిన్న కంపెనీకి అది భారమే, కాదనను. కానీ అదే పని ముగ్గురికి పంచి, ఆ ముగ్గురిలో ఒకరు మానేస్తే అయ్యే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

## 8. ప్రసూతి సెలవు: వెళ్ళేముందు, వెళ్ళాక, వచ్చాక

చెప్పిన రోజు. అభినందించి, "ఎవరెవరికి చెప్పమంటారు?" అని అడగండి. మూడో నెల దాటేదాకా చాలా ఇళ్ళలో బయటికి చెప్పరు. మీరు టీ టేబుల్ దగ్గర అనేయకండి.

ఐదో నెల. కాన్పు ఎక్కడ, ఎప్పుడు బయల్దేరతారు అన్నది తెలుసుకోండి. మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం మామూలే. ఆఫీసు హైదరాబాద్‌లో, పుట్టిల్లు పాలకొల్లులో అయితే, తొమ్మిదో నెలలో ప్రయాణం కష్టమని ముందే వెళ్ళాల్సి వస్తుంది. ఆ మధ్య వారాలు పుట్టింటి నుంచే పనిచేసే వీలిస్తే, సెలవు బిడ్డ పుట్టాక మిగులుతుంది.

ఈ లెక్క ముఖ్యం. 26 వారాల్లో 8 వారాలు ముందే వాడేస్తే మిగిలేవి 18. అంటే ఆవిడ తిరిగి వచ్చేసరికి బిడ్డకి నాలుగు నెలలు దాటుతాయంతే, ఇంకా పాలు తాగే వయసు.

సెలవుకి నెల ముందు. పని అప్పగింత కాగితం మీద జరగాలి. ఆఖరి వారానికి వదిలేయకండి, కాన్పులు తేదీ చూసుకుని రావు.

సెలవులో. మాట్లాడాల్సిన మనిషి ఒక్కరే ఉండాలి. "ఆ ఫైలు ఎక్కడుంది?" ఫోన్లు నిషేధం. జీతాల పెంపు, టీమ్ మార్పులు లాంటివి తెలుసుకోవాలని ఉందా లేదా అని వెళ్ళేముందే అడగండి. కొందరికి తెలియకపోతే టెన్షన్, కొందరికి తెలిస్తే టెన్షన్.

తిరిగి రావడానికి నెల ముందు. ఫోన్ చేసి మూడే అడగండి: బిడ్డని ఎవరు చూసుకుంటారు, ఏ సమయం వీలు, మొదటి నెల కొన్ని రోజులు ఇంటి నుంచి చేస్తారా? సెలవు తర్వాత ఇంటి నుంచి పనిచేయడానికి, పని తీరును బట్టి ఇద్దరూ ఒప్పుకుంటే, చట్టంలోనే వీలుంది.

వచ్చాక మొదటి నెల. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. చాలా ఏళ్ళ కింద నేను పనిచేసిన ఒక కంపెనీలో, సెలవు నుంచి వచ్చిన ఒకావిడకి విశ్రాంతిగా ఉంటుందని పెద్ద క్లయింటు పనిని వేరేవాళ్ళకి ఇచ్చేశాను. ఆవిణ్ణి అడగలేదు. మంచి పని చేశాననే అనుకున్నాను. మూడు నెలలకి రాజీనామా ఇస్తూ, "నన్ను పక్కన పెట్టేశారని అర్థమైంది మేడమ్" అంది. అప్పట్నుంచి నేను పాటించేది: పాత పని పాత మనిషిదే, తగ్గించమని వాళ్ళు అడిగితేనే తగ్గించాలి.

అప్రైజల్. సెలవులో ఉన్న ఆరు నెలలు సున్నా కాదు, లెక్కలో లేనివి. పనిచేసిన నెలలకే రేటింగు ఇవ్వండి.

## 9. నాన్నలు

ప్రైవేటు ఉద్యోగాల్లో తండ్రికి సెలవు ఇవ్వాలనే కేంద్ర చట్టం లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 15 రోజులుంది, మీరూ అంత ఇవ్వండి. ఆరు నెలల్లోపు రెండు విడతలుగా వాడుకోనివ్వండి. కాన్పు పుట్టింట్లో అయితే తండ్రి అవసరం ఎక్కువగా పడేది తల్లీబిడ్డా తిరిగొచ్చాక.

"నువ్వేం చేస్తావయ్యా అక్కడ?" అనే జోకు ఆపండి.

## 10. పెద్దవాళ్ళని, జబ్బు మనుషుల్ని చూసుకునేవాళ్ళు

బిడ్డ పుడితే ఆఫీసులో స్వీట్లు పంచుతారు. నాన్నకి పక్షవాతం వస్తే ఎవరికీ తెలియదు. అందుకే ఈ విషయం అన్ని ఆఫీసుల్లోనూ వెనకబడి ఉంటుంది. అందరికీ ఒకే మందు కూడా పనిచేయదు:

అకస్మాత్తుగా వచ్చేది, అంటే ఆపరేషన్, పడిపోవడం, గుండెపోటు. దీనికి కావాల్సింది వెంటనే వారం పది రోజులు, అడ్వాన్సు జీతం. కాగితాలు తర్వాత.

తేదీ తెలిసి వచ్చేది. డయాలసిస్ చాలామందికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. దీనికి సెలవులు ఇస్తే రెండు నెలల్లో అయిపోతాయి. కావాల్సింది పని వేళల మార్పు. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పనిచేయనివ్వండి.

మెల్లగా పెరిగేది. మతిమరుపు జబ్బు, పార్కిన్సన్స్, లేవలేని ముసలితనం. ఆ మనిషి పగలంతా ఒక చెవి ఇంటి వైపు పెట్టుకుని పనిచేస్తుంటాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మీటింగు మధ్యలోనైనా తీసుకోవచ్చని చెప్పండి. ఆ ఒక్క మాట చాలా పని చేస్తుంది.

ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. థెరపీ సమయాలు వాళ్ళ చేతిలో ఉండవు, సెంటరు ఇచ్చినదే సమయం. మీ మీటింగునే వేరే సమయానికి మార్చండి.

సరిచూసుకోండి:

☐ మీ గ్రూపు ఆరోగ్య బీమాలో తల్లిదండ్రులు ఉన్నారా? అత్తమామలని చేర్చుకునే వీలుందా?
☐ ఊరికి వెళ్ళి వారం అక్కణ్ణుంచి పనిచేసే వీలుందా?
☐ మరణ సెలవు విడిగా ఉందా?

ఆఖరిది ఎందుకంటే, నెలల తరబడి ఆస్పత్రులు తిరిగినవాళ్ళకి మనిషి పోయేసరికి సెలవులన్నీ అయిపోయి ఉంటాయి. పెద్దకర్మ దాకా ఇంట్లో ఉండాలి, జీతం కోతేమో అని లెక్కలు వేసుకోవాలి. ఏ కొడుక్కీ, ఏ కూతురికీ ఆ స్థితి రానివ్వకండి.

## 11. గది, క్రెష్

పాలు పిండుకోవడానికి, నడుం వాల్చడానికి ఒక గది: లోపల గడియ, కుర్చీ, ప్లగ్ పాయింటు, సింకు, చిన్న ఫ్రిజ్. సీసీ కెమెరా ఉండకూడదు. బాత్రూమ్ చూపించడం పరిష్కారం కాదు. సామాన్ల గది ఖాళీ చేస్తే సరిపోతుంది.

క్రెష్ మీరే కట్టక్కర్లేదు. పక్క కంపెనీలతో కలిసి పెట్టుకోవడానికి, బయటి కేంద్రంతో ఒప్పందం చేసుకోవడానికి కోడ్ ఒప్పుకుంటుంది. దూరం చూసుకోండి. రోజుకి నాలుగుసార్లు వెళ్ళాల్సిన చోటు మూడు కిలోమీటర్ల అవతల ఉంటే అది కాగితం మీది క్రెష్.

## 12. దుకాణాలు, ఆస్పత్రులు, ఫ్యాక్టరీలు

ఇంటి నుంచి పని ఇక్కడ కుదరదు. ఇక్కడ ప్రాణం రోస్టర్, అంటే ఎవరికి ఏ షిఫ్టో చెప్పే పట్టిక.

☐ రెండు వారాల ముందు రోస్టర్ గోడ మీద పెట్టండి
☐ ఇద్దరు మాట్లాడుకుని షిఫ్టు మార్చుకుంటే సూపర్‌వైజరుకి చెబితే చాలు
☐ రాత్రి షిఫ్టు ముగిశాక మర్నాడు ఉదయం షిఫ్టు వేయకండి
☐ ఫోన్లు లాకర్లో పెట్టించే చోట, స్కూలుకీ ఇంటికీ ఇవ్వడానికి ఒక అత్యవసర నంబర్ ఉండాలి, దాన్ని ఎత్తే మనిషీ ఉండాలి

ఆఖరిది ఈ వారమే చేసేయొచ్చు.

## 13. తప్పులు, సరిదిద్దుకునే దారి

వెసులుబాటు ఇచ్చి రాత్రి పదికి మెసేజ్‌లు పెట్టడం. త్వరగా వెళ్ళినవాళ్ళు దానికి బదులు తీర్చుకుంటున్నట్టు అవుతుంది. మెసేజ్ రాసి, పొద్దున వెళ్ళేలా షెడ్యూల్ చేయండి.

ఒకరు దుర్వినియోగం చేశారని అందరికీ తీసేయడం. ఆ ఒక్కరితో గదిలో మాట్లాడండి, పని లెక్కలు ముందు పెట్టి. నిబంధన జోలికి వెళ్ళకండి.

ఇంటర్వ్యూలో "పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు" అని అడగడం. ఆపేయండి. అంతే.

మహిళా దినోత్సవం నాడు ప్రకటించి వదిలేయడం. తండ్రులు ఇది తమది కాదనుకుంటారు. మామూలు సోమవారం నాడు చెప్పండి.

ఇచ్చిన సెలవు ఎవరూ వాడకపోవడం. సంబరపడకండి. ముందు మేనేజర్ల సెలవులు చూడండి, వాళ్ళే వాడి ఉండరు.

## 14. మూడు నెలల తర్వాత

☐ ఇంటి అవసరాల పర్మిషన్లు ఎంతమంది వాడారు? అందులో మగవాళ్ళెందరు?
☐ ఒక టీమ్‌లో అసలెవరూ వాడలేదా? ఆ టీమ్ లీడర్తో మాట్లాడండి.
☐ ప్రసూతి సెలవు నుంచి వచ్చినవాళ్ళు ఏడాది తర్వాత కూడా ఉన్నారా?
☐ పక్కవాళ్ళ పని మోసినవాళ్ళకి కాంప్ ఆఫ్ నిజంగా అందిందా?

తర్వాత అవే నాలుగు ప్రశ్నల ఫారం మళ్ళీ పంపండి. నాలుగో ప్రశ్నకి "అవును" అన్నవాళ్ళ సంఖ్యను మొదట రాసి పెట్టుకున్న దానితో పోల్చండి. తగ్గకపోతే నిబంధనలు మార్చడం మొదలుపెట్టకండి. 6వ అంకానికి వెళ్ళి, టీమ్ లీడర్లని మళ్ళీ కూర్చోబెట్టండి.